ఎథొస్, ఏథొస్: ఒక్క దీర్ఘం తేడా

మొన్న గీత ఆరో అధ్యాయం గురించి చెప్పుకున్నాం కదా. ఈ మనసుని పట్టుకోవడం గాలిని పట్టుకున్నంత కష్టం అని అర్జునుడు అంటే, కృష్ణుడు రెండు ఉపాయాలు చెప్తాడు. మొదటిది అభ్యాసం, రెండోది వైరాగ్యం. అభ్యాసం అంటే మళ్ళీ మళ్ళీ చేయడం. ఇదే సంగతి దాచుకున్న ఒక పాత గ్రీకు మాట ఉంది. ఈరోజు దాని గురించి మాట్లాడుకుందాం.

‘ఎథిక్స్’ అనే మాట పుట్టింది అక్కడే. గ్రీకులో ‘ఎథొస్’ అంటే అలవాటు, ఆచారం. ‘ఏథొస్’ అంటే శీలం, అంటే క్యారెక్టర్. ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే రెండూ ఒకేలా ఉంటాయి. మనకా ఇబ్బంది లేదు, ఎ వేరు, ఏ వేరు. తేడా ఒక్క దీర్ఘమే! సుమారు 2,300 ఏళ్ల కిందట అరిస్టాటిల్ ఈ పోలికని చూపించి, మంచి గుణాలు అలవాటు వల్లే వస్తాయి అన్నాడు.

మన ‘శీలం’ కూడా అంతే. ఒక్కసారి దానం చేసినవాణ్ణి దానశీలి అనం. చేస్తూనే ఉండేవాణ్ణి అంటాం.

మరి ‘పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు’ అంటారు కదా? అరిస్టాటిల్ దీనికి రాయి ఉదాహరణ ఇచ్చాడు. రాయిని పదివేల సార్లు పైకి విసిరినా పైకి వెళ్లడం నేర్చుకోదు, ఎందుకంటే కింద పడడం దాని ప్రకృతి. మనిషి అలా కాదు. చేసిన కొద్దీ మారతాడు. అయితే మంచికీ మారతాడు, చెడుకీ మారతాడు.

ఏథొస్‌కి ఇంకా పాత అర్థం ఒకటుంది. హోమర్ కావ్యంలో అది గుర్రాలు అలవాటుగా తిరిగే చోటు. అంటే శీలం మన లోపలే కాదు, మనం ఉండే చోటులో కూడా ఉంటుంది.

మా పటాన్‌చెరు సంగతే చూడండి. 1970ల నుంచి ఇక్కడ పరిశ్రమలు పెరిగాయి. నక్కవాగు కాలుష్యం 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2007లో స్వీడన్ పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలు చేరే ఇక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి, శుద్ధి అయ్యాక బయటికొచ్చిన నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందట. ఆ మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండేదానికన్నా ఇది ఎక్కువ. నక్కవాగు వెళ్లి కలిసేది మంజీరలో. ఏడుపాయల వనదుర్గమ్మ వెలసింది ఆ మంజీర ఒడ్డునే.

అయితే ఆ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లంతా చెడ్డవాళ్లా? కాదండీ. దసరాకి మెషీన్లకి బొట్టు పెట్టి దండం పెట్టేవాళ్లే, రుద్రారం గణపతి దగ్గర ప్రదక్షిణలు చేసేవాళ్లే. వాగుని పాడుచేద్దామని ఎవరూ సంకల్పం చెప్పుకుని ఉండరు. ‘ఈ ఒక్కసారికి’, ‘అందరూ చేసేదేగా’ అనే మాటలు చాలు. సాఫ్ట్‌వేర్‌లోనూ ఇంతే. శుక్రవారం సాయంత్రం టెస్టింగ్ లేకుండా ఒక్కసారి రిలీజ్ చేస్తే అది తొందర. నెలనెలా చేస్తే అదే ఆ టీమ్ శీలం.

చుట్టూ ఉన్న ఆచారమే బాగోలేనప్పుడు ఒక్కడు ఏం చేయగలడు? ఈఎంఐలు ఉన్నవాడికి ఉద్యోగం మానేయమని చెప్పడం తేలిక కాదు, నేను చెప్పను కూడా. కానీ గీత మూడో అధ్యాయంలో కృష్ణుడు అంటాడు, శ్రేష్ఠుడు ఎలా నడిస్తే లోకం అలా నడుస్తుందని. పటాన్‌చెరులో వైద్యం చేసిన డాక్టర్ అల్లాని కిషన్ రావు గారు ఈ కాలుష్యం మీద దశాబ్దాల పాటు పోరాడారు. ఒక్కరోజు ఆవేశం అయితే అంతకాలం నిలవదు. అది అభ్యాసం.

పూజ కూడా అభ్యాసమే. సంకల్పంలో మనం ఏ నదుల మధ్య కూర్చున్నామో చెప్పుకుంటాం కదా. అంటే దేవుడి ముందు మన చోటు పేరు చెప్పి, దానికి పూచీ పడుతున్నాం. రేపు సంకల్పం చెప్పేటప్పుడు ఆ మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. ఆఫీసులో, ఫ్యాక్టరీలో, ఇంట్లో ఈమధ్య ‘ఈ ఒక్కసారికి’ అని ఎన్నిసార్లు అన్నామో లెక్కపెట్టుకోండి. ఆ లెక్కే మన ఎథొస్. దానికి దీర్ఘం ఇవ్వాలా వద్దా అన్నది మన చేతుల్లోనే ఉంది.

సర్వే జనాః సుఖినో భవంతు.