ఒడిబియ్యం కోదాడ దాకనే

బిడ్డా,

నిన్న మిర్యాలగూడ నుంచి మీ మామయ్య ఫోన్ చేసిండు. మిల్లులో పాత సన్నబియ్యం 10 కిలోలు నీ కోసం సంచి కుట్టించి పెట్టిండట. "అక్కా, ఒడిబియ్యం ఇవే పోద్దాం, పిల్ల అమెరికా తీసుకపోయి వండుకుంటది" అంటడు. వాని ప్రేమకు నేనేమంట? కానీ మన దేశం నుంచి సామాన్లల్ల తీసుకపోయే బియ్యాన్ని అమెరికాలో రానియ్యరు. ఖాప్రా అనే పురుగు గింజల్ల దాగి వచ్చి వాళ్ల ధాన్యాన్ని పాడు చేస్తదని భయం. ఒడిల పోసే కుడుకలకూ అదే గతి. ఎండు కొబ్బరిల నూనె ఎక్కువ, తనంతట తానే వేడెక్కి అంటుకునే గుణమున్నదని లగేజీ పెట్టెల్లో పెట్టనియ్యరు. దుబాయ్ మీదుగా పోతున్నవు కాబట్టి గసగసాలు అసలే వద్దు, అక్కడ అవి నిషేధం.

ఆచారం చూసినా ఒడిబియ్యం అత్తగారింటికి పోయి వండుకునేవే గదా. అందుకే అవి కోదాడ దాకనే పోతయి. మీ అత్తమ్మ వండుతది, అందరం పోయి తిని వస్తం. మామయ్యకు నేను చెప్పుకుంట.

బియ్యం ముచ్చటతోనే ఎందుకు మొదలుపెట్టిన్నంటే, అల్లుడు ముందే అమెరికా పోయిండు. చేతుల్లో నాలుగేండ్ల పిల్ల, పది నెలల పిల్లగాడు. 20 గంటల పైన ప్రయాణంల నువ్వొక్కదానివే. ఆ 20 గంటలకు కావలసిన నిమ్మళం విమానంలో దొరకదు, ఇక్కడ్నే మూట కట్టుకోవాలె. ఆ మూట కట్టుకోనియ్యకుండ అడ్డం పడేది ఎక్కువగా మేమే, ఇంటోళ్లం. ఇది కూడా పెట్టుకో, వాళ్లింటికి కూడా పోయిరా అని ఆఖరి గడియ దాకా నిన్ను ఊపిరాడనియ్యం. ఈసారి అట్ల వద్దు. కోదాడ, మిర్యాలగూడ తిరుగుడు సంక్రాంతి పండుగకు ముందే అయిపోవాలె. కనుమ దాటినంక ఎవరు పిలిచినా పోవద్దు. ఎవరన్న కోపం చేసుకుంటే నా మీద చేసుకోమను.

తారీఖు ఇంకొక్కసారి చూసుకో. టికెట్టు మీద 18 తెల్లవారుజాము 4 గంటలు అని ఉన్నది. అంటే 17 రాత్రే ఎయిర్‌పోర్ట్‌లో ఉండాలె. 18 అనుకొని ఇంట్ల పండుకొని, పొద్దున లేచి నెత్తి పట్టుకున్నోళ్లను విన్న. ఇంకొకటి, సంక్రాంతికి ఊర్లకు పోయినోళ్లంతా ఆ రెండు మూడు రోజులే హైదరాబాద్‌కు మళ్లుతరు. మన సూర్యాపేట నుంచి నగరం 130 కిలోమీటర్ల పైమాటే. మామూలు రోజుల్ల రెండున్నర గంటల దారి, పండుగ తిరుగు ప్రయాణంల కొర్లపహాడ్ టోల్ దగ్గరొక బారు, పంతంగి దగ్గర ఇంకొక బారు. కార్ల మధ్యన ఇరుక్కొని, పాలకు ఏడ్చే పిల్లగాన్ని ఎత్తుకొని గడియారం చూసుకునే బాధ నీకెందుకు? 16 పొద్దుగాలనే బయలెల్లి వనస్థలిపురంల మీ చిన్నాన్న ఇంటికి చేరండి. పిల్లలు ఒక రాత్రి సుఖంగ పండుకుంటరు. అక్కడ్నుంచి ఔటర్ ఎక్కితే శంషాబాద్ దూరం కాదు.

పెద్ద పెట్టెలు సర్దేటప్పుడు మేమందరం చుట్టూ కూసుంటం, తప్పదు. చేతి సంచి మటుకు నువ్వొక్కదానివే సర్దు. చీకట్ల చెయ్యి పెట్టినా ఏది ఎక్కడున్నదో తెల్వాలె. పాస్‌పోర్టులు, పిల్లల ఓసీఐ కార్డులు బయటి జేబుల పెట్టు, వేరే ఏదీ అందుల పెట్టకు. పిల్లల అమెరికా పాస్‌పోర్టు గడువు 5 ఏండ్లే, పెద్దదానిది ఎప్పటిదాకున్నదో ఇయ్యాల్నే చూడు. తండ్రి పక్కన లేడు కాబట్టి అల్లుని సంతకంతో ఒక ఒప్పుకోలు కాగితం తెప్పించుకో. అడగకపోవచ్చు, అడిగితే మాత్రం తడుముకోవద్దు.

రెండు డైపర్లు, తడి తుడుపు కాగితాలు, ఒక జత బట్టలు కలిపి ఒక్కొక్క కవర్ల కట్టు. అట్లాంటివి అయిదారు చెయ్. బాత్రూంకు పోయేటప్పుడు ఒక్క కవరు అందుకొని పోతవు, సంచి మొత్తం మోసుకపోవుడు ఉండదు. నీకూ ఒక జత పెట్టుకో, పిల్లగాడు కక్కేది నీ మీదనే. నీళ్లూ ద్రవాలూ 100 మిల్లీలీటర్లు దాటొద్దన్న నియమం పసిపిల్లల పాలకు, తిండికి వర్తించదు. కాకపోతే సెక్యూరిటీల వాళ్లు అడగకముందే బయటికి తీసి చూపెట్టు. పవర్ బ్యాంకు పెద్ద పెట్టెల పెట్టొద్దు, నీ దగ్గరనే ఉండాలె.

ముందు వరుసల గోడకు తగిలించే ఉయ్యాల తొట్టి కోసం ఇప్పుడే ఎయిర్‌లైన్ వాళ్లకు ఫోన్ చెయ్యి. పిల్లగాని బరువు చెప్పు, దానికి ఒక హద్దు ఉంటది. అందుల ఎంత మంచి నిద్రల ఉన్నా బెల్టు లైటు వెలిగిందంటే ఎత్తుకోవలసిందే.

ఇగ చెవుల సంగతి. పెద్దది పుట్టినప్పుడు పురుడు పోసి నీతోటే తిరిగి వచ్చిన, యాదికున్నదా? విమానం దిగుతుంటే పిల్ల కీచుమని ఏడ్చింది. దిష్టి తగిలిందని నేను, ఆకలని నువ్వు. నేను నిన్ను కసిరిన, నువ్వు బెదిరినవు, ఇద్దరం కంగారు పడేసరికి పిల్ల ఇంకా గుక్కపట్టింది. పక్క వరుసల ఒక పెద్దమ్మ లేవకుండనే, "చెంచాతో నీళ్లు తాగించండమ్మా, చెవులు" అన్నది. నాలుగు చెంచాలకు ఊరుకున్నది. తర్వాత డాక్టరమ్మను అడిగి తెలుసుకున్న. విమానం కిందికి వస్తుంటే లోపలి గాలి ఒత్తిడి పెరిగి చెవి పొర మీద పడుతదట. చెవి నుంచి గొంతుకు పోయే గొట్టం చిన్నపిల్లలకు సన్నగ ఉంటది, గుటక వేస్తే తెరుచుకుంటది. అందుకే దిగేటప్పటికి పిల్లగానికి పాలు దాచిపెట్టు. నేల తాకడానికి అరగంట ముందే దిగుడు మొదలైతది, అప్పుడు లేపి పట్టియ్యి. పెద్దదానికి మరమరాలు ఇయ్యి, ఒక్కొక్కటే ఏరుకొని తింటది, నోరూ ఆడుతది, పొద్దూ పోతది. చిన్నోనికి మాత్రం అవి వద్దు, గొంతుకు అడ్డం పడుతయి. జలుబు చేసి ఉంటే ముందే డాక్టరుకు చూపించు.

నిద్రపోతరని దగ్గు మందో జలుబు మందో పోసేటోళ్లు ఉన్నరు. ఎవరు చెప్పినా వినకు. కొందరు పిల్లలకు ఆ మందుతో నిద్రకు బదులు ఉలుకు ఎక్కువైతది, కొందరికి ఊపిరికే ముప్పు.

పిల్లలు ఏడుస్తరు. మనింట్ల ఏడ్చినట్టే అక్కడా ఏడుస్తరు. పక్కోళ్ల ముఖాలు చూడకు, పిల్లగాని ముఖమే చూడు. వాడు నీ ముఖమే చూస్తుంటడు.

ఆ సంగతి నాకు పోయినసారి తెలిసింది. మూడు కార్లల్ల పదిహేను మందిమి ఎయిర్‌పోర్ట్‌కు వచ్చినం. టికెట్టు లేనోళ్లను లోపలికి రానియ్యరు గదా, గేటు బయటనే నిన్ను పట్టుకొని నేను ఏడ్చిన. నా ముఖం చూసి పెద్దది మొదలుపెట్టింది. సెక్యూరిటీ దాటేదాకా ఆపలేదని తర్వాత చెప్పినవు. నీ మూటల నేను వేసిన బరువు అది.

అందుకే ఈసారి నేను రాను, బిడ్డా. ఇంటి గడప దగ్గరే బొట్టు పెట్టి, పిల్లలకు ముద్దు పెట్టి పంపిస్త. కారు వీధి మలుపు తిరిగేదాకా నవ్వుకుంటనే చెయ్యి ఊపుత. ఆ తర్వాత మిగిలిన మిర్యాలగూడ బియ్యం ఎసట్ల పోసి, మీ నాయినకు వండి పెడుత.

మీ అమ్మ