ఉపకారి ఎవరు?

సేవ చేసేవాడు ఇచ్చేవాడనీ, చేయించుకునేవాడు పుచ్చుకునేవాడనీ మనలో చాలామంది అనుమానం లేకుండా నమ్ముతారు. పరాయి దేశం వెళ్ళి పల్లెటూరి బళ్ళో పాఠాలు చెప్పే యువకుణ్ణి చూస్తే ఉదారవాదులు అతని త్యాగాన్ని మెచ్చుకుంటారు. మనవాళ్ళు అతని వెనక ఉన్న ప్రభుత్వాన్ని తిడతారు. ఈ రెండు వాదాల్లోనూ ఆ పల్లె మనుషులు కనబడరు. మొదటివారికి వాళ్ళు దయకు పాత్రులు, రెండోవారికి మోసానికి పాత్రులు. అంతే.

పసిఫిక్ మహాసముద్రంలోని సమోవానే తీసుకుందాం. అమెరికా పీస్ కోర్ వాలంటీర్లు అక్కడికి 1967లో రావడం మొదలుపెట్టారు. ఈ సంస్థ 1961లో, ప్రచ్ఛన్నయుద్ధం ముమ్మరంగా ఉన్నప్పుడు పుట్టింది. (మన దేశంలోనూ 1961 నుంచి 1976 దాకా పనిచేసింది.) దాని చట్టంలో మూడు లక్ష్యాలున్నాయి. అవసరమైన దేశాలకు శిక్షణ పొందిన మనుషులను పంపడం ఒకటి. అమెరికన్లను గురించి ఇతరులు బాగా తెలుసుకునేట్టు చెయ్యడం రెండోది. ఇతరులను గురించి అమెరికన్లు తెలుసుకోవడం మూడోది. అంటే ఆతిథ్యమిచ్చే దేశపు అవసరం మూడింట ఒక వంతు! ఇది చట్టం తానే చెప్పుకున్న సంగతి గనక మనం కుట్ర వెతకనక్కర్లేదు.

కాని చట్టంలో ఏమున్నా పల్లెలో రోజు గడవాలి. వాలంటీరు ఒక కుటుంబంతో ఉంటాడు. పాతపద్ధతి సమోవా ఇల్లంటే స్తంభాలూ, పైకప్పూ. గోడలుండవు. కాళ్ళు ఎదుటివాళ్ళవైపు చాచకూడదనీ, మఠం వేసుకు కూర్చోవాలనీ, నడుముకు లావలావా ఎట్లా చుట్టుకోవాలో, అన్నీ ఆ ఇంటివాళ్ళే నేర్పుతారు. సాయంకాలం ప్రార్థన వేళ ఊరంతా నిలిచిపోతుంది. అప్పుడు రోడ్డుమీద నడిస్తే తప్పు. భోజనం ముందు అతిథికీ పెద్దలకూ పెడతారు. పిల్లలు తరవాత తింటారు. అతను తన భత్యంలోంచి కొంత ముట్టజెప్పినా, ముందు విస్తరి ముందు కూర్చోవడానికి అది ఖరీదు కాదు. ఒంటరిగా కాసేపు కూర్చుంటే, పాపం దిగులు పడుతున్నాడేమోనని ఎవరో ఒకరు వచ్చి పక్కన చేరతారు. తన ఊళ్ళో డిగ్రీ పుచ్చుకున్నవాడు ఇక్కడ పదేళ్ళ పిల్లకు తెలిసినపాటి మాటలు రానివాడు. పగలు నాలుగు గంటలు పంతులు, మిగతా పొద్దంతా విద్యార్థి.

చర్చిలో ఏ కుటుంబం ఎంత ఇచ్చిందో పైకి చదువుతారు. పరాయివాడికి ఇది మోటుగా తోస్తుంది. తన దేశం కట్టించిన ప్రతి భవనం మీదా దాత పేరు చెక్కిన పలక అతనికి మోటుగా తోచదు.

ఇంతకుముందు కూడా ఈ ద్వీపాలకు మేలు చెయ్యడానికే చాలామంది వచ్చారు. 1830లో మిషనరీలు వచ్చారు. 1900లో జర్మనీ, 1914లో న్యూజీలాండు ఏలడానికి వచ్చాయి. 1918 నవంబరులో ఆక్లండునుంచి వచ్చిన తాలూనె అనే ఓడను న్యూజీలాండు అధికారులు అడ్డగించకుండా రేవులోకి రానిచ్చారు. దాంతో వచ్చిన ఇన్‌ఫ్లుయెంజాకు సుమారు 8,500 మంది, అంటే జనాభాలో అయిదో వంతు మంది, చచ్చిపోయారు. 1929 డిసెంబరు 28న అపియా వీధిలో శాంతియుతంగా నడుస్తున్న మౌ ఉద్యమకారులపై పోలీసులు కాల్పులు జరిపారు. నాయకుడు టుపువా టమసెసె లెయలోఫీ చనిపోయాడు. ఇందుకు న్యూజీలాండు ప్రధాని క్షమాపణ చెప్పింది 2002లో. ఇంత చరిత్ర ఎరిగిన జనం, ఇంకొక తెల్లవాడికి ముందు విస్తరి వేస్తున్నారు. దీన్ని అమాయకత్వమనేవాడికి చరిత్రా తెలియదు, మనుషులూ తెలియరు.

కనుక వాలంటీరు దాత కాదు, ఋణగ్రస్తుడు. ఇది మర్యాదకు అనేమాట కాదు. దయ చూపేవాడు విసుగు పుడితే మానెయ్యవచ్చు, ఎవరూ తప్పుపట్టరు. అప్పుపడ్డవాడికి ఆ సౌకర్యం లేదు. పాఠం సరిగా చెప్పలేని రోజున "వచ్చానుగదా, అదే ఎక్కువ" అని తనకు తాను చెప్పుకునే హక్కు అతనికి పోతుంది.

అయితే అప్పు ఎవరికి? "పల్లెకు" అనేస్తే మనంకూడా పల్లెను పటం కట్టి గోడకు తగిలించినట్టే. సమోవా పల్లెలో మతాయిలనే కుటుంబ పెద్దల పెత్తనం నడుస్తుంది. 1990 రెఫరెండం దాకా వాళ్ళకు తప్ప దాదాపు ఎవరికీ ఓటు లేదు; ఇప్పటికీ శాసనసభకు పోటీ చెయ్యాలంటే మతాయి బిరుదం ఉండాలి. అతిథి తినే తిండి వండేది బిరుదం లేని కుర్రవాళ్ళు. ఆదివారం చీకటితో లేచి, రాళ్ళు కాల్చి, కొబ్బరి కోరి పాలు పిండి, చేమదుంపలూ బ్రెడ్‌ఫ్రూటూ ఆకుల కింద కప్పే పిల్లవాడే సోమవారం బళ్ళో కునికిపాట్లు పడతాడు. ఆ కునుకుకు కోప్పడబోయే పంతులు, నిన్న తాను తిన్నది ఎవరి నిద్రో ఆలోచించుకోవాలి.

ఇక్కడొక చిక్కుంది. ఆ పిల్లవాడికి పంతులు చెల్లించే వడ్డీ ఇంగ్లీషు. న్యూజీలాండు ఏటా వెయ్యికి పైగా సమోవన్లను లాటరీ వేసి శాశ్వతంగా ఉండనిస్తుంది. చీటీ తగిలినవాడు అక్కడ ఉద్యోగం చూసుకోవాలి, ఇంగ్లీషు వచ్చునని చూపాలి. 2021 లెక్కల్లో సమోవా జనాభా సుమారు 2 లక్షలు. 2023లో న్యూజీలాండులో సమోవన్లమని చెప్పుకున్నవాళ్ళు అంతకు తక్కువ లేరు. బాగా చెప్పిన పాఠం ఊరిని ఖాళీ చేస్తుంది, పంపే డబ్బుతో నిలబెడుతుంది కూడా. చెప్పకపోతే సరి అనడానికి, ఇంగ్లీషు ఉచితంగా వచ్చినవాడికి హక్కేదీ? వెళ్ళాలో ఉండాలో తేల్చుకోవలసింది ఆ కుర్రవాడు. అతనికి రెండు దారులూ తెరిచి ఉండేట్టు, సమోవా భాషలో చదువుకూడా చెడకుండా, పక్క గదిలోని స్థానిక పంతులు వెనక నడవడం వాలంటీరు పని. జీతం చాలక ఆ పంతులుకూడా ఓడెక్కే ఆలోచనలో ఉంటే, అది రెండేళ్ళకు వచ్చిన పరాయివాడి మంచితనంతో తీరే సమస్య కాదు.

రెండేళ్ళు గడిచాక అతను వెళ్ళిపోతాడు. ఊరు విందు చేసి సాగనంపుతుంది. గోడల్లేని ఇంట్లో అతన్ని పెట్టుకున్నవాళ్ళు అతని ఊరు చూడాలనుకుంటే మాత్రం వీసా కావాలి.