సామానునొద్ద నిలిచినవారు

ధ్యానభాగములు: సంఖ్యాకాండము 31:19-24, 1 సమూయేలు 30:1-25



యుద్ధమునకు వెళ్లియు తుపాకి పేల్చనివానికి యుద్ధపు గాయము తగులునా? తగిలినను, అది గాయమని చెప్పుకొనుటకు వానికి న్యాయము కలదా? ఈ మాసము ఈ ప్రశ్నను మీ యెదుట ఉంచుచున్నాను.

ఇది మన తీరపు పల్లెలకు దూరపు సంగతి కాదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున మన నెల్లూరు జిల్లా మద్రాసు రాజధానిలో నుండెను. ఆ రాజధానినుండి లక్షలమంది సైన్యములో చేరిరి. వారిలో అనేకులు లారీలు తోలిరి, వంట వండిరి, బాటలు వేసిరి, గాయపడినవారిని మోసిరి. పశ్చిమ గోదావరిలో తరతరములుగా సైన్యమునకు కుమారులను పంపిన మాధవరమునకు మిలిటరీ మాధవరమను పేరే నిలిచినది. అటుతరువాత 1962, 1965, 1971 సంవత్సరముల యుద్ధములకును, 1987 మొదలు 1990 వరకు శ్రీలంకలో నుండిన శాంతిదళములోనికిని, 1999లో కార్గిల్ కొండలకును తెలుగు బిడ్డలు వెళ్లిరి. ముందు నిలిచి పోరాడువాని వెనుక వంటవాడు, డ్రైవరు, గుమాస్తా, ఆసుపత్రి సహాయకుడు ఉందురు. ఊరికి తిరిగివచ్చినప్పుడు ముందువానికి మనము దండ వేయుదుము. వెనుకవానిని క్యాంటీను సరుకులు అడుగుదుము.

నేనెరిగిన ఒక పెద్దాయన 1999లో సైనిక ఆసుపత్రిలో సహాయకుడుగా నుండెను. చనిపోయినవారి దేహములను శుభ్రపరచుట, వారి వస్తువులకు పట్టీ వ్రాసి మూటకట్టుట ఆయన పని. వాచి, సగము వ్రాసిన ఉత్తరము, బిడ్డ ఫోటో, బూట్ల జత. ఒకరి వస్తువు వేరొకరి మూటలో పడరాదు. ఆయన మీద ఒక్క గుండు పడలేదు. ఆయన ఒక్క గుండు పేల్చలేదు. నేడు ఆరాధన ముగిసిన పిమ్మట ఆయన గుడి మెట్లయొద్ద నిలుచును. చివరి జత చెప్పులను వాటి మనిషి తొడుగుకొని వెళ్లువరకు కదలడు. వాన వచ్చి ఎవరైనను చెప్పులు వదలి పరుగెత్తిన దినమున ఆయనకు రాత్రి నిద్ర యుండదు. పిల్లలు చూచి నవ్వుదురు. ఒకసారి నేను మెల్లగా అడుగగా ఆయన, “నేను తుపాకి పట్టలా అయ్యగారూ. చెప్పుకునేదానికి నాకేముండాది?” అనెను.

ఈ మాటకు లేఖనమేమి చెప్పుచున్నదో చూతము. సంఖ్యాకాండము 31వ అధ్యాయములోని యుద్ధవృత్తాంతము చదువుటకు మిక్కిలి కష్టమైనది. దానిలోని ప్రశ్నలన్నిటిని ఈ చిన్న వ్యాసములో విప్పజాలను. అయితే 19వ వచనమును గమనించుడి. యుద్ధమునుండి వచ్చినవారు ఏడు దినములు పాళెము వెలుపల నుండి, మూడవ దినమునను ఏడవ దినమునను శుద్ధిచేసికొనవలెను. ఎవరు? చంపినవాడు మాత్రమే కాదు, చచ్చినవానిని ముట్టినవాడు కూడ. ధర్మశాస్త్రము ఆ ఇద్దరిని ఒక్క వాక్యములో చేర్చినది. “నీవు కత్తి దూయలేదు, తిన్నగా ఇంటికి పొమ్ము” అని ముట్టినవానితో చెప్పలేదు. మరణమును చేతులతో తాకినవాడు ఎట్లు వెళ్లెనో అట్లే తిరిగిరాడని ఎరిగి, వానికి సమయమిచ్చి, ఏడవ దినమున వస్త్రములు ఉదుకుకొనిన పిమ్మట పాళెములోనికి చేర్చుకొనినది.

వైద్యశాస్త్రము ఈ సంగతిని ఆలస్యముగా గ్రహించినది. 1915లో చార్లెస్ మయర్స్ అను వైద్యుడు ఫిరంగిగుండ్ల నడుమ నుండి వచ్చిన సైనికుల మనోవ్యాధిని గూర్చి వ్రాయుచు షెల్ షాక్ అను మాట వాడెను. అప్పటి తలంపు గుండ్ల చప్పుడును గూర్చియే. 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘము, ఘోరమైన అనుభవము గడచిపోయిన తరువాతను మనస్సును విడువక బాధించు వ్యాధిని తన గ్రంథములో చేర్చినది. 2013లో ఆ గ్రంథమును సవరించినప్పుడు, పనిలో భాగముగా మానవ అవశేషములను మరల మరల ఏరి ఎత్తినవారికిని ఈ వ్యాధి రావచ్చునని స్పష్టముగా వ్రాసిరి. అందరికి వచ్చునని కాదు. అనేకులు క్షేమముగా జీవింతురు. అయితే వచ్చినవాడు నటించుటలేదు. 1977 నవంబరు 19న దివిసీమపై ఉప్పెన విరుచుకుపడి వేలమంది చనిపోయినప్పుడు, బురదలో శవములను వెదకి ఎత్తినవారు ఆ నీటిలో మునిగినవారు కారు. అయినను ఆ దినములు వారిని విడిచినవా?

ఇక హక్కును గూర్చిన ప్రశ్న. “అందరిని గాయపడినవారిగా ఎంచినయెడల, ప్రాణమునకు తెగించి పోరాడినవాని గౌరవము ఏమగును?” అని కొందరు అడుగుదురు. ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. దావీదు మనుష్యులు కూడ దీనినే అడిగిరి. అమాలేకీయులు సిక్లగును కాల్చి, భార్యలను బిడ్డలను చెరగొనిపోయిరి. ఆరువందలమంది ఏడ్చుటకు శక్తి లేకపోవునంతగా ఏడ్చి, తరుమ బయలుదేరిరి. బెసోరు వాగునొద్ద రెండువందలమంది అలసి ఆగి, సామానునొద్ద నిలిచిరి. విజయము తరువాత కొందరు, వెంట రానివారికి భాగమేల అని వాదించిరి. దావీదు ఒప్పుకొనలేదు. ఇది మన సంపాద్యము కాదు, యెహోవా ఇచ్చినదని చెప్పి, యుద్ధమునకు పోయినవానికిని సామానునొద్ద నిలిచినవానికిని సమభాగము కట్టడగా నియమించెను.

ఇందులో మన ప్రశ్నకు జవాబున్నది. ఆగినవారు కూడ భార్యలను బిడ్డలను పోగొట్టుకొనినవారే. వారి కన్నీరు వాగు దాటినవారి కన్నీటికి తక్కువది కాదు. మరియు దేవుని దయ రేషను బియ్యము కాదు, ఒకనికి కొలిచినంతలో మరియొకనికి తరుగుటకు. వంటవాని దుఃఖమును మనము ఒప్పుకొనినందున పోరాడినవాని పతకము మాసిపోదు. నొప్పికి అర్హతాపత్రము అడుగుట మన పని కాదు. పోరాడినవానికి చెప్పుకొనుటకు ఒక కథయైనను ఉండును. సామానునొద్ద నిలిచినవానికి కథ లేదు, పతకము లేదు, “నాకేముండాది?” అను మాట మాత్రమే మిగులును. ఆ మాటను వాని నోట పెట్టినది మన చిన్నచూపు కాదా?

21వ వచనములో ఒక చిన్న సంగతి కలదు. దావీదు భాగములు పంచకమునుపే ఆ రెండువందలమందిని సమీపించి వారి క్షేమమడిగెను. వాదమునకు ముందు, పంపకమునకు ముందు, క్షేమసమాచారము. మన సంఘములు మొదట నేర్చుకొనవలసినది ఇదియే. మీ వీధిలో సైన్యమునుండి వచ్చినవాడున్నయెడల సీసా అడుగకుడి, ఎందరిని చంపితివని అడుగకుడి, ఎట్లున్నావని అడుగుడి. చెప్పినయెడల వినుడి, చెప్పనియెడల బలవంతపెట్టకుడి. రాత్రి కేకవేసి లేచువానికి దయ్యము పట్టినదనియు, విశ్వాసము చాలదనియు తీర్పు తీర్చకుడి. త్రాగుబోతని కొట్టివేయకమునుపు, వాడు దేనిని మరచుటకు త్రాగుచున్నాడో ఆలోచించుడి. స్త్రీల సమాజమువారు వాని భార్యను దర్శించుడి. ఆ రాత్రులను మోయుచున్నది ఆమె.

ప్రార్థించుడి, వైద్యునియొద్దకును తోడు వెళ్లుడి. ఈ రెండింటికి విరోధము లేదు. 2022 అక్టోబరులో ప్రభుత్వము ఆరంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరున ఫోను చేసి తెలుగులోనే ఉచితముగా మాట్లాడవచ్చును. పింఛను పొందు మాజీ సైనికులకు 2003లో ఏర్పడిన ఈసీహెచ్ఎస్ వైద్య పథకము కలదు. దారి తెలియనివారు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయములో విచారింపవచ్చును.

ప్రియులారా, ఏడవ దినమున పాళెపు ద్వారము తెరువబడెను. మన మధ్య ఇరువది, ముప్పది ఏండ్లుగా పాళెము వెలుపలనే నిలిచియున్నవారు కలరు. వారు ఇల్లు చేరిరని మనము తలంచుచున్నాము. బయటికి వెళ్లి, క్షేమమడిగి, చేయిపట్టి లోపలికి తోడుకొని రండి. ప్రభువు మీకు తోడైయుండును గాక. ఆమేన్.