కళాశాలకు వెల కట్టుట

హోసూరులో పిల్లవాడు కాలేజీలో చేరినాడనగానే పెద్దలు అడుగు మొదటి మాట "చదువైన పిదప ఏ కంపెనీ?" అని. ఇందులో వింత లేదు. అశోక్ లేలాండ్, టీవీఎస్, టైటాన్ వంటి కర్మాగారములు కన్నుల యెదుటనే యున్నవి. 2022లో తమిళనాడు ప్రభుత్వము ప్రారంభించిన 'నాన్ ముదల్వన్' పథకముతో వృత్తి నైపుణ్యముల శిక్షణ కాలేజీలలోనికే వచ్చినది. మంచిదే. అయితే ఈ శిక్షణ వలన విద్యార్థి తన విశ్వవిద్యాలయమును ఏ కంటితో చూచుచున్నాడన్నది ఆలోచింపదగిన విషయము.

మన వర్తక కుటుంబములలో ఇది మరియొక విధముగా కనబడును. పగలు బి.కాం. చదివి సాయంకాలము అంగడిలో కూర్చుండు కుర్రవాడు, "జి.ఎస్.టి. లెక్కలు దాఖలు చేయుట గల్లాపెట్టె వద్దనే నేర్చితిని. కాలేజీ నాకేమి నేర్పినది?" అనును. ప్రశ్న న్యాయమైనదే. సరకు చూడక సొమ్ము చెల్లించువాడు వర్తకుడెట్లగును? కాని వాడు తూచుచున్న తూనికరాయిని కూడ ఒకమారు చూడవలెను గదా. 1959 నాటి అమ్మకపు పన్ను చట్టము క్రింద ఫారములు నింప నేర్చినవారు 2007లో వ్యాట్ రాగా మరల నేర్చిరి. 2017 జూలైలో జి.ఎస్.టి. రాగా ఇంకొకమారు నేర్చిరి. జమాఖర్చుల జంట పద్దు మాత్రము, 1494లో వెనిస్ నగరమున లూకా పాచియోలీ అచ్చు వేయించిన గ్రంథమున ఎట్లున్నదో, మూలమున నేడును అట్లే యున్నది. ఫారము నింపుట అంగడి నేర్పును. పద్దు రెండుచోట్ల ఎందుకు వ్రాయవలెనో విడమరచి చెప్పు తీరిక అంగడికి లేదు.

చేతిపని చదువునకు శత్రువని నేననను. ఆదినాథస్వామి ఉపదేశించిన అసి, మసి, కృషి, విద్య, వాణిజ్య, శిల్పములను షట్కర్మలలో విద్యయు శిల్పమును ఒకే పంక్తిని కూర్చున్నవి. డిప్లొమాలో లేతుపై చేయి తిరిగి, పిదప ఇంజనీరింగు రెండవ యేట చేరినవానిని చూడుడు. లోహము వేడికి సాగునని తరగతిలో చెప్పినప్పుడు వానికి తాను పాడుచేసిన ముక్క జ్ఞాపకము వచ్చును. లేచి ప్రశ్న అడుగును. పని ఎరుగక సర్టిఫికెట్లు మాత్రము ప్రోగుచేయువానికి కాలేజీ టిక్కెట్లిచ్చు కిటికీవలె తోచును.

హోసూరు దాపున తొరపల్లిలో 1878లో జన్మించిన రాజాజీ 1953లో మద్రాసు ముఖ్యమంత్రిగా ఒక ఏర్పాటు చేసిరి. ప్రాథమిక పాఠశాల పిల్లలు ఒకపూట బడిలోను, ఒకపూట తల్లిదండ్రుల వృత్తిలోను గడుపవలెనని దాని సారము. అది కులవృత్తి చదువని పెద్ద ఆందోళన చెలరేగినది. 1954లో కామరాజుగారి ప్రభుత్వము దానిని తీసివేసినది. మన పిల్లలకు అందువలన నష్టమేమియు కలిగియుండదు. రెండవ పూట కూర్చుండుటకు అంగడి గలదు. చెప్పులు కుట్టువాని బిడ్డ రెండవ పూట ఎక్కడ కూర్చుండవలెను?

కాలేజీ వలన ప్రయోజనమేమని మన కుర్రవాడు తేలికగా అనుట కూడ ఆ అంగడి బలముననే. వానితోపాటు అదే తరగతిలో కూర్చున్న కూలివాని కుమార్తెకు కాలేజీ తలుపు ఒక్కటే తెరచి యున్నది. ఆమె చరిత్రయో గణితమో చదువుదునని మన విద్యాదానమును కోరి వచ్చినచో, ఏ కంపెనీ అని అడుగుటకు ముందు, ఆ చదువు ఎందుకు కోరుచున్నదో ఆమెను పూర్తిగా చెప్పనిండని పెద్దలకు నా మనవి.