ఎవరి చేతి లెక్క?

ఆమె హైదరాబాదులో చార్టర్డ్ అకౌంటెంట్. దివాలా కేసుల్లో, భాగస్వాముల తగాదాల్లో, బ్యాంకులు మోసమని అనుమానించిన ఖాతాల్లో డబ్బు ఎటు పోయిందో వెతికి రిపోర్టు ఇవ్వడం ఆమె పని. ఆఫీసులో ఉండేది కొద్దిమందే. మిగతా చాకిరీ అంతా వేరే ఊళ్లలో ఇంటి పట్టున ఉండి కంప్యూటరు మీద పనిచేసే వర్చువల్ అసిస్టెంట్లది. ఆమెతో మాట్లాడుతున్నది ఆమె బాబాయి. బ్యాంకు ఇన్‌స్పెక్షన్ విభాగంలో చేసి రిటైరయ్యాడు.

బాబాయి: ఒక సంగతి నాకు మింగుడు పడటం లేదమ్మా. మోసం వాసన పట్టాల్సిన కాగితాన్ని నువ్వు ఎదురుగా ఎన్నడూ చూడని మనిషికిస్తావు. ఆ తర్వాత సంతకం మాత్రం నువ్వు పెడతావు. రేపు బోనెక్కించి “ఇది మీరే చూశారా?” అంటే ఏం చెబుతావు?

అమ్మాయి: చూసింది చూశానంటాను. చూడనిది ఎలా సరిచూశానో చెబుతాను. ఒక్క కంపెనీకే ఐదారు బ్యాంకుల్లో ఖాతాలుంటాయి బాబాయ్. ఏళ్ల తరబడి స్టేట్‌మెంట్లు, వాటిలో సగం వంకరగా స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు. వాటిని ఒక్క పట్టికలోకి ఎక్కించాలి. వోచర్లకు నంబర్లు వేసి సూచిక కట్టాలి. ఎవరి దగ్గర్నుంచి ఏ కాగితం రాలేదో వెంటపడి అడగాలి. ఇవన్నీ నేనే చేస్తే ఆలోచించడానికి పొద్దు చాలదు.

బాబాయి: అంటే కష్టమైంది నీకు, తేలికైంది వాళ్లకు. అదేనా నువ్వు గీసుకున్న గీత?

అమ్మాయి: కాదు. కేసు వెనక కథ తెలియకపోవడం ఏ పనికి మేలో, ఏ పనికి చేటో చూస్తాను. మేలు చేసే పని వాళ్లకిస్తాను.

బాబాయి: తెలియకపోవడం వల్ల మేలేమిటి?

అమ్మాయి: ఫైలు తెచ్చిన క్లయింటు కుర్చీలో కూర్చోగానే దొంగెవరో చెప్పేస్తాడు. భాగస్వామి బావమరిదే అంతా తినేశాడంటాడు. ఆ మాట చెవిన పడ్డాక బావమరిది పేరున్న ప్రతి ఎంట్రీ నాకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆ పేరు లేని ఎంట్రీ కంటికి ఆనదు. అసిస్టెంటుకు నేను ఆ కథ చెప్పను. ఆమెకు అన్ని పేర్లూ ఒక్కటే. లక్ష దాటిన ప్రతి చెల్లింపూ రాయమంటే ప్రతిదీ రాస్తుంది, ఫిర్యాదు చేసిన పెద్దమనిషి తీసుకున్నవి కూడా.

బాబాయి: ఈ మాట ఒప్పుకుంటాను. మరి సత్యం కంప్యూటర్స్ సంగతి గుర్తుందా? 2009 జనవరి 7న దాని ఛైర్మన్ రామలింగరాజు బోర్డుకు ఉత్తరం రాశాడు. పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేవన్నాడు. లేని డబ్బుకు కాగితాలు మాత్రం ఉన్నాయి. బ్యాంకు ధ్రువీకరణలు పంపించడం, తిరిగి తెప్పించడం ఆడిటర్లు కంపెనీ చేతికే వదిలేశారని 2011లో అమెరికా స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ తేల్చింది. అక్కడ కూడికలు తప్పలేదు. కాగితం ఎక్కడ పుట్టింది, ఎవరి చేతుల మీదుగా వచ్చింది అన్న ప్రశ్న తప్పింది. ఇప్పుడు నువ్వు మధ్యలో ఇంకో చెయ్యి పెడుతున్నావు.

అమ్మాయి: అందుకే బ్యాంకు ధ్రువీకరణలు అసిస్టెంటుకు రావు, నేరుగా నాకే వస్తాయి. వాళ్లు ముట్టుకునేది నకలు మాత్రమే. మూల ఫైలు రాగానే దాని హ్యాష్ విలువ తీసి రాసుకుంటాం. ఫైల్లో ఒక్క అక్షరం మారినా ఆ విలువ మారిపోతుంది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డుకు ఇచ్చే సర్టిఫికెట్టులో కూడా దాన్ని రాయాలి. సత్యం నుంచే ఇంకో పాఠం నేర్చుకున్నాం. అక్కడ 7,561 దొంగ ఇన్వాయిస్‌లను సిస్టంలోకి ఎక్కించి, ప్రత్యేకమైన లాగిన్‌తో మామూలు సిబ్బందికి కనబడకుండా దాచారు. మా దగ్గర చెరిపే హక్కు ఎవరికీ లేదు. ఎవరు ఏ ఫైలు ఎప్పుడు తెరిచారో నమోదవుతుంది, నేను తెరిచినా సరే.

బాబాయి: క్లయింటు గుట్టు బయటికి పొక్కితే?

అమ్మాయి: వాళ్లు మా సర్వరులోనే పనిచేస్తారు, ఏదీ తమ కంప్యూటరులోకి దించుకోలేరు. బయటివాళ్లతో ఏ పని చేయిస్తానో ఒప్పందంలోనే రాసి క్లయింటు అంగీకారం తీసుకుంటాను. అయినా పొక్కితే చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం కింద జవాబు చెప్పాల్సింది నేనే, అసిస్టెంటు కాదు.

బాబాయి: తాళాలు బాగానే వేశావు. నాకు దొంగతనం కంటే శుభ్రం చేయడమంటేనే ఎక్కువ భయం. నువ్వు కొత్తవాళ్లకు నేర్పడానికి పెట్టుకున్న ఈ నమూనా పేజీ చూడు. అన్ని వరసల్లోనూ కామాలు మన పద్ధతిలో ఉన్నాయి: 12,40,500. కింద ఈ ఒక్క వరసలో 1,240,500. బ్యాంకు సాఫ్ట్‌వేరు ఒకే పేజీలో కామాలు రెండు రకాలుగా ఎందుకు వేస్తుంది? ఇది తర్వాత ఎవరో టైపు చేసినట్టుంది. నీ పట్టికలో ఇదెలా కనిపిస్తుంది?

అమ్మాయి: పట్టికలోకి కామాలు రావు. రెండూ 1240500 అనే ఉంటాయి.

బాబాయి: చూశావా! దిద్దినవాడు వదిలిపోయిన ఆనవాలును మన పనితనమే తుడిచేసింది. ఇంకోటి చెప్పనా? ఆర్‌టీజీఎస్‌లో డబ్బు పంపితే ఆ లావాదేవీకి పడే యూటీఆర్ నంబరు 22 అక్షరాలు. మొదటి నాలుగూ పంపిన బ్యాంకు కోడు, మధ్యలో తేదీ. స్టేట్‌మెంటులో మార్చి 31 అని ఉండి, యూటీఆర్ పొట్టలో ఏప్రిల్ 4 ఉంటే ఆ కాగితాన్ని నిలదీయాలా వద్దా? ఆ నంబరు దేనికిలే అని అసిస్టెంటు వదిలేస్తే నీకు ఆ ప్రశ్నే పుట్టదు.

అమ్మాయి: ఎక్సెల్ కూడా అంతే చేస్తుంది. పదహారు అంకెల ఖాతా నంబరును మామూలు అంకెగా కొడితే చివరి అంకెను సున్నా చేసి ఊరుకుంటుంది. స్కాన్ కాగితాన్ని చదివిపెట్టే ఏఐ సహాయకుడితో మరీ చిక్కు. మసకబారిన 3ను 8గా ఊహించినా ఊహించానని చెప్పకపోవచ్చు. మనిషైతే “ఇది కనబడట్లేదు మేడం” అని ఫోన్ చేస్తుంది. అందుకని మా పట్టికలో ప్రతి మొత్తానికీ రెండు గడులుంటాయి: ఒకదాంట్లో కాగితం మీద ఉన్నది ఉన్నట్టు, రెండోదాంట్లో లెక్కకు పనికొచ్చే అంకె. పక్కన “వింతగా ఉంది” అని ఇంకో గడి. కారణం రాయక్కర్లేదు, అనిపిస్తే చాలు. ప్రతి వరసకూ నిల్వ తిరిగి కట్టి చూస్తాం. తేడా వస్తే మూల కాగితం దగ్గరికి వెళ్లేది నేనే.

బాబాయి: ఏది మామూలో తెలిసినవాడికి కదా ఏది వింతో తెలిసేది? వోచర్ల కట్టలు తిరగేసి తిరగేసి విసుగెత్తాక నాకు ఆ చూపు వచ్చింది. ఆ విసుగు పనంతా వాళ్లకిచ్చేస్తే నీ చూపు నిలుస్తుందా? సీఏ శిక్షణ కోసం నీ దగ్గర ఆర్టికల్స్ చేసే పిల్లలకు అసలు వస్తుందా?

అమ్మాయి: ఈ ప్రశ్నకు నా దగ్గర సగం జవాబే ఉంది. ప్రతి కేసులోనూ ఏదో ఒక ఖాతాలో ఒక నెలను గుడ్డిగా ఎంచుకుని మొదటి వరస నుంచి చివరిదాకా నేనే ఎక్కిస్తాను. ఇంకో నెల ఆర్టికల్స్ పిల్లలు ఎక్కిస్తారు. అప్పుడు అసిస్టెంటు రాసినదాంతో పోల్చి చూస్తాం. వాళ్ల తప్పులు దొరుకుతాయన్న మాట నిజమే. మా కళ్లు మొద్దుబారకుండా ఉండటం దానికంటే ముఖ్యం.

బాబాయి: ఇంకో చిక్కుంది. చేసేకొద్దీ అసిస్టెంటుకూ చూపు వస్తుంది. అప్పుడు నువ్వు మెచ్చుకున్న ఆ తెలియనితనం ఏమవుతుంది?

అమ్మాయి: లెక్కలు తెలియడం వేరు, కథ తెలియడం వేరు. మొదటిది ఎంత పెరిగితే అంత మంచిది. రెండోది మాత్రం పట్టిక పూర్తయ్యేదాకా చెప్పను. పూర్తయ్యాక, క్లయింటు ఒప్పుకున్నంత మేరకు, వాళ్లు గుర్తుపెట్టిన వింత ఏ ముడి విప్పిందో చెబుతాను. చెప్పకపోతే ఆ గడి నాలుగు రోజుల్లో ఖాళీ అయిపోతుంది.

బాబాయి: మరి ఈ చేతుల ఊసు రిపోర్టులో ఉంటుందా?

అమ్మాయి: పద్ధతి వివరించే భాగంలో ఉంటుంది. ఏ పట్టికలు బయట తయారయ్యాయి, వాటిలో ఎంత భాగం నేను మూలంతో సరిచూశాను, ఎంత భాగం చూడలేదు, అన్నీ రాస్తాను.

బాబాయి: ఎదుటి లాయరు సరిగ్గా అదే పట్టుకుంటాడు.

అమ్మాయి: పట్టుకోనివ్వండి. రాస్తే ఆ పట్టికల మీద నాలుగు ప్రశ్నలు పడతాయి. దాచి దొరికిపోతే నేను స్వయంగా చూసిన పేజీలను కూడా ఎవరూ నమ్మరు. రిపోర్టులో రాయడానికి జంకే పనిని అసలు ఇంకొకరికి అప్పగించకూడదు. అదీ నా గీత.

బాబాయి: ఇందాక వేరే గీత చెప్పావే?

అమ్మాయి: మొదటిది ఏ పని ఎవరికివ్వాలో చెబుతుంది. రెండోది నేను నన్నే మోసం చేసుకుంటున్నానేమో చెబుతుంది.

బాబాయి: అయితే రెండూ ఉంచుకో. పని ఒత్తిడి పెరిగితే మొదటి గీత నీకు తెలియకుండానే జరుగుతుంది. రిపోర్టు రాయడానికి కూర్చున్నప్పుడు రెండోది నిన్ను పట్టిస్తుంది.