తప్పించబడినవారి స్తోత్రము

గడచిన సంవత్సరమంతయు మనలను కాచిన దేవుడు మరియొక సంవత్సరపు గుమ్మములోనికి మనలను నడిపించియున్నాడు. ఈ మాట ప్రతి జనవరిలోను వ్రాస్తూనే ఉన్నాము. ఈసారి వ్రాయబోగా కలము కొంచెము ఆగినది. ఎందుకు ఆగినదో మీతో చెప్పుకోవాలని ఉన్నది.

డిసెంబరు 31 రాత్రి కూడిక మన సంఘములలో ఏలాగు జరుగునో మీకు చెప్పనక్కరలేదు. పది గంటలకు పాటలు, తరువాత సాక్ష్యములు, పన్నెండు కొట్టు వేళకు మోకాళ్లమీద ప్రార్థన, ఆ తరువాత కరచాలనములు, వాగ్దాన కార్డులు, కేకు, టీ. కృతజ్ఞతార్పణ కవరులు ఒక వారము ముందే పంచిపెడతారు. కవరుమీద పేరు, మొత్తము, దానిక్రింద 'పొందిన మేలు' అని వ్రాసి ఒక గీత ఉంటుంది. ఆ గీతమీద మనవారు వ్రాసేవి చదివితే సంఘము యొక్క సంవత్సరమంతా కనబడుతుంది. అబ్బాయికి ఉద్యోగము. అమ్మాయికి సంబంధము కుదిరినది. ఆపరేషను క్షేమముగా జరిగినది. ఇంటి పట్టా చేతికి వచ్చినది. కవరులు విప్పి లెక్క వ్రాసే పని కొన్నేండ్లుగా మాకు అప్పగించబడినది గనుక ఇవి మాకు తెలుసు.

2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వచ్చిన సంగతి చెన్నైవారికి ఇంకా కండ్లముందే ఉన్నది. 3, 4 తేదీలలో కురిసిన వానకు వేళచ్చేరి, పళ్లికరణై, ముడిచ్చూరు వంటి చోట్ల ఇండ్లలోనికి నీళ్లు వచ్చినవి. కొన్ని వీధులలో కరెంటు రావడానికి రోజులు పట్టినది. ఆ నెలాఖరున జరిగిన కూడికలో ఒక సహోదరుడు లేచి సాక్ష్యమిచ్చారు. వారి వీధిలో అందరి ఇండ్లలోనికి నీళ్లు వచ్చినవట, వీరి గడప దగ్గరకు వచ్చి అక్కడనే నిలిచిపోయినవట. దేవుడు తన బిడ్డల ఇంటిచుట్టు కంచె వేసినాడని చెప్పి ఆయన కన్నీళ్లు పెట్టుకొన్నారు. అందరమును ఆమేన్ అన్నాము. మేమును అన్నాము.

ఆయన కూర్చున్న బల్లకు రెండు బల్లల వెనుక ఒక సహోదరి ఉన్నది. కుట్టుమిషను మీద బ్రతికే మనిషి. ఆమె ఇంటిలో నడుము లోతు నీళ్లు నిలిచినవి. మిషను, బియ్యము, పిల్లల పుస్తకములు అన్నియు పాడైనవి. ఆమెయు బాప్తిస్మము పొందిన దేవుని బిడ్డయే. ఆమె ఇంటిచుట్టు కంచె ఎందుకు లేదు? ఆ ప్రశ్న ఆమె అడగలేదు. సాక్ష్యము చెప్పడానికి లేవనూ లేదు. తెల్లవారుజామున కవరులు విప్పుచుండగా ఆమె కవరు వచ్చినది. నూరు రూపాయలు, పేరు. 'పొందిన మేలు' అన్నచోట ఏమియు లేదు. రిజిస్టరులో ఆ గడిలో ఏమి వ్రాయవలెనో తోచక సాధారణము అని వ్రాసినాము. అది మంచిదికాదని అప్పుడే అనిపించినది, కానీ నిద్ర వస్తున్నది, వ్రాసివేసినాము.

తప్పించబడినవాడు దేవునికి స్తోత్రము చెప్పడము తప్పా? తప్పని చెప్పడానికి మాకు నోరు రాదు. నీళ్లు గడప దగ్గర ఆగినప్పుడు గుండె నిండి పొంగే మాటను ఆపవలెనని ఎవరు చెప్పగలరు? ఆ సహోదరుని కన్నీళ్లు నిజమైనవే. అయినను సువార్తలో ఒక ఉపమానము ఉన్నది, చిన్నతనమునుండి సండేస్కూలులో మనము విన్నదే. పరిసయ్యుడును సుంకరియు దేవాలయమునకు వెళ్లుట. ఆ పరిసయ్యుని ప్రార్థనను అతిశయమని, గర్వమని మనము చెప్పుకొంటాము గాని, దాని మొదటిమాట ఏమిటో గమనించము. అది కృతజ్ఞతాస్తుతి! ఇతరులవలె తాను లేనందుకు అతడు దేవునికి వందనములు చెప్పుచున్నాడు. అతనికి ప్రక్కన ఒక సుంకరి నిలుచుండవలెను. సుంకరి లేకపోతే ఆ స్తోత్రము లేదు. మన సాక్ష్యములలో కొన్నిటికి వీధిలోని మిగిలిన ఇండ్లు మునిగియుండవలెను. మునగకపోతే మన సాక్ష్యములో విశేషమేమున్నది?

సిలోయములో గోపురము పడి పదునెనిమిదిమంది చనిపోయిన సంగతి ప్రభువే ఎత్తి మాటలాడినాడు. చనిపోయినవారు మిగిలినవారికంటె పాపులా అని ఆయన అడిగి, కారని తానే చెప్పినాడు. అట్లయితే మిగిలినవారు చనిపోయినవారికంటె నీతిమంతులును కారు. ఈ రెండవమాట మనము బయటికి చెప్పుకోము. మునిగినవారిని పాపులని మన సంఘములలో ఎవరును అనరు, అంత కఠినులము కాము. కాని కంచె మాట చెప్పినప్పుడు అనకుండానే అన్నట్లవుతుంది.

ఆ తుఫాను విషయములోనే మరియొక సంగతి ఉన్నది. 4వ తేదీ రాత్రికి చెన్నైలో వాన తగ్గినది. ఫోనులలో ఒకరికొకరు స్తోత్రము చెప్పుకొన్నాము. తుఫాను దాటిపోయినది అన్నాము. ఎక్కడికి దాటినది? మరునాడు, 5వ తేదీన, బాపట్ల దగ్గర తీరము దాటినది. కోసి కుప్పలు వేసిన వరి తడిసిపోయినది. మనలో ఎందరికి ఆ ప్రాంతములే స్వస్థలము! మేనమామలు, అత్తగారివారు, తాతల సమాధులు అక్కడ ఉన్నవి. ఇక్కడ మనము స్తోత్రము చెప్పిన గంటలోనే అది మన సొంతవారి చేలమీదికి వెళ్లుచున్నది. తుఫాను దాటిపోవలెనని ప్రార్థించు ప్రతివాడును, తెలిసో తెలియకో, అది ఇంకొకని ఊరికి పోవలెనని ప్రార్థించినట్లే. సముద్రములోనే బలహీనపడి పోవలెనని ప్రార్థించవచ్చు కదా అని మా ఇంటిలో చిన్నవాడు అన్నాడు. నిజమే. మేము ఆలాగు ప్రార్థించలేదు.

ప్రతి విషయమునందును స్తుతి చెల్లించుమని థెస్సలొనీకయుల పత్రికలో ఉన్నదే అని మీరు అనవచ్చు. అక్కడ 'అందు' అన్నమాట ఉన్నది, 'కొరకు' అని లేదు. నష్టములో ఉండి స్తుతించుట వేరు, నష్టము కొరకు స్తుతించుట వేరు అని కొందరు బోధకులు చెప్పుదురు. ఆ మాట మాకు కొంతకాలము ఊరటగా ఉన్నది. తరువాత, ఎఫెసీయులకు వ్రాసినప్పుడు అదే అపొస్తలుడు అన్నిటిని గూర్చియు అన్నాడని ఒక పెద్దలు చూపించినారు. వ్యాకరణముతో తీరే సంగతి కాదిది.

అందుచేత మన పితరుల దగ్గరకు వెళ్లి చూచినాము. తెలుగు బాప్తిస్టులకు జనవరి ఒకటవ తేదీ ఉత్త క్యాలెండరు తేదీ కాదు. శామ్యూల్ డే దొరగారు 1836లో తెలుగు దేశమునకు వచ్చి, కొంతకాలము ఈ మద్రాసులోనే ఉండి, 1840లో నెల్లూరు చేరినారు. పని ఫలించలేదు. 1853లో అమెరికాలోని ఆల్బనీలో జరిగిన మిషను సభలలో నెల్లూరు పనిని మూసివేయవలెనా అని చర్చ వచ్చినది. పటముమీద తెలుగు మిషనుకు ఉన్నది ఒకే నక్షత్రము. ఆ ఒంటరి నక్షత్రము మీద ఎస్. ఎఫ్. స్మిత్ గారు పద్యము వ్రాయగా, అప్పటినుండి దానికి లోన్ స్టార్ మిషను అని పేరు నిలిచినది. ఆ మరుసటి జనవరి 1, 1854వ సంవత్సరము తెల్లవారుచుండగా, ఒంగోలు కొండ మీదికి ఐదుగురు ఎక్కినారు. జ్యూయెట్ దొరగారు, దొరసానిగారు, నరసు అను సహోదరుడు, జూలియా, రూతు. ఈ కథ మీరు వందసార్లు విన్నారు. దానిలో మాకు ఈమధ్య క్రొత్తగా కనబడినదొకటి ఉన్నది. ఈ ఐదుగురును నెల్లూరు నుండి వచ్చినవారు. ఒంగోలు వారి ఊరు కాదు. మిషను మూతపడబోయిన సంవత్సరము దాటినది, మూతపడలేదు, తప్పించబడినారు. ఆనాడు వారు అడిగినది మాత్రము క్రింద పొగమంచులో కనబడుచున్న పరాయి ఊరికి ఒక సేవకుని పంపుమని. తాము తప్పించబడినందుకు వారికి ఆనందము లేకపోలేదు గాని, ఆ ఆనందము వారి గడప దగ్గర ఆగిపోలేదు.

జాన్ క్లౌ దొరగారు ఒంగోలు చేరినది 1866లో. 1867 జనవరి 1న ఎనిమిదిమందితో అక్కడ సంఘము ఏర్పడినది. పదమూడు సంవత్సరములు అయిన తరువాత.

ఇక కరవు సంగతి. 1876 మొదలు 1878 వరకు దక్షిణ దేశమును కాల్చిన ఆ కరవులో క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకము కాంట్రాక్టుగా తీసుకొన్నారు. ఇతరచోట్ల పనికి వెళ్లితే తరిమివేయబడిన మాదిగ కుటుంబములు అక్కడ తవ్వి, కూలి తీసుకొని, బ్రతికినవి. వేలమంది బాప్తిస్మము అడిగినారు. ఆయన ఇవ్వలేదు. పదునైదు నెలలు ఎవరికిని ఇవ్వలేదు. కూలికి కృతజ్ఞత ఎంత, క్రీస్తునందు విశ్వాసమెంత అని ఆకలితో ఉన్న మనిషిలో వేరుచేసి చూడడము ఎవరివల్లనూ కాదని ఆయనకు తెలుసు. సహాయపు పని ముగిసిన తరువాతనే 1878 జూన్‌లో మొదలుపెట్టి, జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కదినమున 2,222 మందికి బాప్తిస్మమిచ్చినారు. ఆ సంఖ్య మన పిల్లలకు కంఠపాఠము. దాని వెనుకనున్న పదునైదు నెలలను పిల్లలకు ఎవరును నేర్పరు. మా దృష్టికి ఆ నెలలే ఎక్కువ విలువైనవి. అన్నము పెట్టినవాడు తనకు రావలసిన కృతజ్ఞతను చేయి చాచి తీసుకోకుండా ఆపుకొన్నాడు. అన్నము కొరకు మతము మారినారని నేటికిని మనలను గూర్చి అనువారు ఆ నెలల సంగతి వినలేదు. వినినా మానుదురని కాదు.

ఇంకొకమాట చెప్పవలెను. ఆకలిగొన్నవాని కృతజ్ఞత తక్కువదని క్లౌ దొరగారు అనుకొన్నట్లు మాకు తోచదు. ప్రభువు మొదట ఐదువేలమందికి రొట్టె పెట్టినాడు, రొట్టె కొరకు వెదకినారని మరునాడు గద్దించినాడు. ముందు పెట్టినాడు.

ఆ కాలువయే మన చెన్నై నడుమ కూడా పారుచున్నది. అడయారును కూవమును కలుపు భాగము అదే కరవులో, 1877-78లో, తవ్వబడినది. ఇప్పుడు దానిలో పైరైలు స్తంభములు నిలిచియున్నవి, నీరు నల్లగా ఉన్నది. దాని ఒడ్డు ప్రక్కన కాపురముండువారిలో తెలుగు మాటలాడువారు ఎందరో ఉన్నారు. నెల్లూరు, ప్రకాశము జిల్లాలనుండి తాతల నాడు వచ్చి కార్పొరేషనులో పారిశుద్ధ్యపు పని చేయుచున్నవారు. వరద వచ్చినప్పుడు మొదట మునుగునది వారి ఇండ్లే. నీళ్లు తీసిన తరువాత మన వీధులలోని బురద ఎత్తునది వారి చేతులే. జనవరి 1న మనము వాగ్దాన కార్డు చేతపట్టుకొని ఇంటికి పోవువేళకు వారు మెరీనా ఇసుకలో రాత్రి జనము పారవేసిన చెత్త ఏరుచుంటారు. వారిలో మనవారు ఉన్నారు. వారు కూడికకు రాలేదని మన హాజరు పుస్తకములో గుర్తు పెట్టుకొన్నాము గాని, ఎందుకు రాలేదో వ్రాసుకోలేదు.

2024 డిసెంబరు కూడికకు ముందు కమిటీలో ఈ సంగతులు ఎత్తినాము. సాక్ష్యములకు ముందు, ఆ సంవత్సరము నష్టపోయినవారి పేర్లు చదివి ప్రార్థించుదుమని అడిగినాము. పండుగ రాత్రి ఏడుపులెందుకు అని ఒకరు అన్నారు. కంచె సాక్ష్యము చెప్పిన సహోదరుడే మొదట ఒప్పుకొన్నారు. ఆయన ముఖములో ఏమున్నదో మేము అడగలేదు. పేర్లు చదివినాము. బాపట్ల వైపు సంఘముల కొరకును ప్రార్థించినాము. సాక్ష్యములు ఎప్పటివలెనే జరిగినవి. కొన్ని ఎప్పటివలెనే ఉన్నవి కూడా.

ఆ రాత్రి కుట్టుమిషను సహోదరి లేచినది. రెండే మాటలు. నీళ్లు వచ్చిన రాత్రి మేడమీది తమిళ కుటుంబమువారు తమ గదిలో సగము ఖాళీచేసి, నాలుగు రోజులు తననూ పిల్లలనూ ఉంచుకొన్నారట. పోయిన సంవత్సరము ఇది చెప్పడానికి సిగ్గుపడినదట. అందరూ నీళ్లు రాలేదని చెప్పుచుండగా, వచ్చినవని ఏలాగు చెప్పేది అన్నది. కూర్చున్నది.

తెల్లవారుజామున కవరులు విప్పినాము. ఆమెది అదే నూరు రూపాయలు. గీతమీద వంకర అక్షరములతో 'మేడమీద అక్క' అని ఉన్నది. రిజిస్టరులో అట్లే వ్రాసుకొన్నాము.