పెయ్యకు వేసిన సూది ఎవరి కోసం?

రాయచూరు జిల్లా మస్కిలో ఒక బండ మీద అశోకుడి పేరు చెక్కి ఉంది. 1915లో ఆ శాసనం బయటపడ్డాకే, శాసనాల్లో దేవానాంప్రియుడని చెప్పుకున్న రాజు అశోకుడేనని రాతి సాక్ష్యం దొరికింది. తుంగభద్ర దాటి కర్నూలు జిల్లా ఎర్రగుడికి వస్తే అదే రాజు మాట మరొకటి కనిపిస్తుంది. మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశాననీ, మందు మొక్కలు లేని చోట తెప్పించి నాటించాననీ దాని సారాంశం. రెండు వైద్యాలనూ పక్కపక్కన పెట్టాడు గానీ, రెండోది ఎందుకో చెప్పలేదు. పశువు మీద జాలా? పశువు పోతే మనిషికి బతుకు లేదనా?

ఇరవైమూడు శతాబ్దాల తర్వాత మనం చెప్పుకుంటున్న కారణం భయం. పశువు జబ్బు మనకు అంటుతుంది కాబట్టి పశువును చూడాలి. ఈ వాదన ఎంత గట్టిదో ఈసుడు రోగం చెబుతుంది. డాక్టర్లు దాన్ని బ్రూసెల్లోసిస్ అంటారు. మందలో గొర్రె ఈసుకుపోతుంది, అంటే నెలలు నిండకుండానే కడుపు పోతుంది. కాపరి మోకాళ్ల మీద కూర్చుని వట్టి చేతులతో మాయ లాగేస్తాడు, చేతులు మట్టితో రుద్దుకుని మంద తోలుకుపోతాడు. కొన్ని వారాలకు సందెపూట జ్వరం, ఒళ్లంతా చెమట, నడుమూ కీళ్లూ పట్టేయడం. తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంది. మలేరియా పరీక్ష, టైఫాయిడ్ పరీక్ష అవుతాయి. ఓపీ చీటీ మీద పేరు, వయసు, ఊరు రాస్తారు. మందలో గొర్రెలేమైనా ఈసుకుపోయాయా అని అడిగేవాళ్లు తక్కువ. ఆ ఒక్క ప్రశ్న అడిగితే సరైన రక్తపరీక్ష జరుగుతుంది, ఆరు వారాల మందుతో మనిషి కోలుకోవచ్చు.

కానీ మనిషిని నయం చేస్తే మందలోని రోగం పోదు. మన దేశంలో ఈ జబ్బుకు మనుషులకు వేసే టీకా లేదు. మనిషిని కాపాడే సూది పశువుకు పడాలి. 2019లో మొదలైన జాతీయ పశువ్యాధి నియంత్రణ పథకం నాలుగు నుంచి ఎనిమిది నెలల ఆవు పెయ్యలకూ గేదె పెయ్యలకూ ఆ టీకా వేయిస్తోంది. గొర్రెలకు ఈసుడు టీకా ఆ పథకంలో లేదు. మరి మంద వెంట తిరిగే కాపరిని ఎవరు లెక్కలో వేసుకున్నారు?

ఈ ప్రశ్న పాతదే. మాల్టా దీవిలో ఈ జ్వరం మేకపాల నుంచి వస్తోందని 1905లో తెమిస్టోక్లిస్ జమిత్ అనే వైద్యుడి పరిశోధన దారి చూపింది. మరుసటి ఏడు బ్రిటిష్ సైనికులకు ఆ పాలు ఆపేశారు, వాళ్లలో జ్వరాలు దాదాపు మాయమయ్యాయి. ఆ మేకలను మేపుకుని ఆ పాలే తాగే దీవి జనం మాత్రం ఏళ్ల తరబడి మంచం పడుతూనే ఉన్నారు. సైన్స్ తప్పేమీ చెప్పలేదు. ఎవరి ప్రాణాన్ని ముందు లెక్కించాలో సైన్స్ చెప్పదు, అంతే.

భయానికి ఇంకో ముఖం కూడా ఉంది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు, రోగం తేలిన ఫారాల చుట్టూ కిలోమీటరు పరిధిలో కోళ్లను చంపి పూడ్చారు. వైరస్‌ను ఆపడానికి అది అవసరమే కావచ్చు. అయినా దాన్ని మనుషులూ పశువులూ కలిసిన అందరి ఆరోగ్యం అనగలమా? రోగిని చంపి రోగాన్ని ఆపే పని పశువైద్యుడికే పడుతుంది. ఆ బరువు పొరుగు ఆసుపత్రి డాక్టరు మోయనక్కర్లేదు.

అలాగని జాలి ఒక్కటే చాలుతుందా? చాలదు. ఈసుడు ఉందని తేలిన గేదెను రైతు ఊరికే మేపలేడు. చెబితే నష్టం, చెప్పకుండా సంతలో అమ్మితే నాలుగు డబ్బులు. అది పక్క ఊరి కొట్టం చేరుతుంది, దాని వెంట రోగమూ చేరుతుంది. ఆ రైతును నీతి లేనివాడనడం తేలిక. నిజం చెప్పినవాడు నష్టపోయే ఏర్పాటు మనం చేసి, అతను నిజం చెప్పాలని ఆశించడం ఏ నీతి?

మనిషి కోసమా, పశువు కోసమా అన్న ప్రశ్న పశువులకు దూరంగా బతికేవాళ్లకే తెగని ప్రశ్న అనిపిస్తుంది. మందతో పడుకుని మందతో లేచేవాడికి ఆ రెండు ప్రాణాల మధ్య గీత ఎక్కడుందని? మనుషుల డాక్టరూ పశువుల డాక్టరూ మాట్లాడుకోవడం మంచిదే. ఆ మాటల్లో మూడోవాడు, పశువు గలవాడు, భయపడకుండా నోరు విప్పగలిగితేనే రోగం జాడ తెలుస్తుంది. జబ్బు పడ్డ పశువుకు పరిహారం ఇవ్వడం దానధర్మాల పద్దు కాదు, టీకాల పద్దులోనే రాయాల్సిన ఖర్చు.